బాపు మెచ్చిన బేసు

సాంచెల ఊళ్లో పుట్టినవాడికి నిశ్శబ్దమంటే భయమైనా ఉంటుంది, మోజైనా ఉంటుంది. పెద్దోడికి మోజు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. రెండు షిఫ్టులా నడిచే ఆ ఇనుప చప్పుడు మధ్యనే పెద్దోడు పుట్టాడు, పెరిగాడు, పదో తరగతి తప్పాడు. పద్దెనిమిదేళ్లకు ఏజెంటుకు పైసలు కట్టి దుబాయ్ విమానం ఎక్కేటప్పుడు దోస్తులతో ఒకటే మాటన్నాడు: "ఎండ కొడితే కొట్టనీరా, ఈ సప్పుడైతే ఉండది గదా!"

బాపు ఆ చప్పుడులోనే నలభై ఏళ్లు గడిపాడు. వయసులో ఉన్నప్పుడు భీవండిలో, ఆ తర్వాత సిరిసిల్లలో. ఒక్క మనిషి ఎనిమిది సాంచెలు చూసుకోవాలి. కండె అయిపోతే మార్చాలి, పోగు తెగితే పిడి లాగి సాంచె ఆపాలి, ముడేసి మళ్లీ నడపాలి. కంటికి ఆనేది ఒకటి రెండే. మిగతా వాటిని చెవితోనే కాయాలి. ఏ సాంచె దెబ్బ ఎట్లా పడుతోందో, ఎక్కడ బెల్టు వదులైందో చప్పుడును బట్టి చెప్పగలిగినవాడే పనోడు. బాపు పనోడు.

దానికి ఇచ్చుకున్న ధర చెవులు. సాంచెల షెడ్డులో చప్పుడు వంద డెసిబెళ్లకు అటూ ఇటూ ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటల పనికి 85 దాటితే చెవికి ముప్పే. ముందు దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి శబ్దాలు: పిట్ట కూత, ఫోను గంట, మాటల్లోని స, ష, త లాంటి అక్షరాలు. మాట వినిపిస్తుంది, ఏమన్నారో తెలియదు. బొంగురు శబ్దాలు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. బాపుకు చెవులు ఎప్పుడు పోయాయో బాపుకే తెలియదు. "గొణుగుడేందే, నోరు తెరిచి మాట్లాడరాదా" అని కోడలిని కసురుకోవడం మొదలుపెట్టాకే ఇంట్లో తెలిసింది. చెవి మిషను కొనిస్తే, కుయ్యిమంటాందని తీసి డబ్బాలో పెట్టాడు.

దుబాయ్‌లో పెద్దోడు ఎలక్ట్రీషియన్. ఒకనాడు ఒక విల్లాలో వైరింగు పనికి పోయినప్పుడు హాల్లో రెండు పలకలు నిలబెట్టి ఉన్నాయి. తలుపు రెక్కంత ఎత్తు, రెండంగుళాల మందం. అలంకారానికి పెట్టుకున్న తడికలనుకున్నాడు. ఇంటాయన మీట నొక్కాడు. గదిలో ఎవరో ఊద్ వాయించడం మొదలుపెట్టారు. తీగ మీద గోరు తగిలిన సవ్వడి, వాయించేవాడు ఊపిరి పీల్చుకున్న సవ్వడి, అన్నీ విడివిడిగా. డబ్బా లేదు, గుండ్రటి స్పీకరు లేదు. పెద్దోడు చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. నిశ్శబ్దంలోంచి శబ్దం పుట్టడం అతను చూసింది అదే మొదలు.

ఆనాటి నుంచి అదే పిచ్చి. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1957లోనే క్వాడ్ పలక స్పీకరును అమ్మకానికి తెచ్చాడనీ, అది కరెంటు ఆవేశంతో పొరను కదిలించే రకమనీ, అమెరికాలో జిమ్ వైనీ 1969లో మాగ్నెపాన్ పెట్టి అయస్కాంతాలతో అదే పని చేయించాడనీ తెలుసుకున్నాడు. సన్నటి ప్లాస్టిక్ పొర, దాని మీద అతికించిన తీగలు, వెనకాల వరసగా అయస్కాంతాలు. తీగలో పాట పారితే పొర మొత్తం ఒక్కసారే కదులుతుంది. బరువు లేదు కాబట్టి కదలమన్నప్పుడు కదులుతుంది, ఆగమన్నప్పుడు ఆగుతుంది. ఎన్నో ఏళ్లకు వాడినవి ఒక జత చౌకగా దొరికితే కొన్నాడు. వాటిని కట్టెపెట్టెలో బిగించి కార్గోలో ఊరికి పంపించాకే తను విమానం ఎక్కాడు, ఇక మళ్లీ పోనని.

సిరిసిల్ల నుంచి వేములవాడ పోయే దారికి దగ్గర్లో అప్పటికే ఇల్లు లేచింది. స్లాబు, టైల్సు, ఇరవై అడుగుల హాలు. గోడకు ఆనుకొని పక్కన ఒక ఆసామి రేకుల షెడ్డు ఉంది గానీ, పెద్దోడు దిగేనాటికి దానికి తాళం. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు ఇక్కడ నేయించడం మొదలుపెట్టినప్పటి నుంచి ఊరి పని ఆర్డరుకూ ఆర్డరుకూ మధ్య నడుస్తోంది. ఆర్డరుంటే చప్పుడు, లేకుంటే తాళం. పెద్దోడికి తాళమే నచ్చింది.

వేములవాడ పోయి ధర్మగుండంలో స్నానం చేసి, రాజన్నకు కోడెమొక్కు చెల్లించి, ఆ సాయంత్రమే పలకలు బిగించాడు. బాపును హాల్లో మంచం మీద కూర్చోబెట్టాడు. బాపుకు ఇష్టమైన పాత పాటే పెట్టాడు. గాయకుడు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. కోడలు చేతిలో గంటె పట్టుకొని వంటింట్లోంచి తొంగిచూసింది. పాట రెండో చరణంలోకి వచ్చింది. బాపు కొడుకు ముఖంలోకి చూసి అడిగాడు:

"ఇంకెప్పుడు షురూ చేత్తవ్ రా?"

అక్కడ మొదలైంది సబ్‌వూఫర్ వేట.

జగిత్యాలలో పెండ్లి బరాత్‌లకు డీజే పెట్టే అతను పద్దెనిమిది అంగుళాల డబ్బా మోగించి చూపించాడు. దుకాణం షట్టరు వణికింది. "గుండెల గుద్దుతది అన్నా" అన్నాడు గర్వంగా. కోరుట్లలో హోం థియేటర్ అమ్మే చోట సినిమా బాంబులు వేసి చూపించారు. బాంబు పేలిన చాలాసేపటికి కూడా డబ్బా మూలుగుతూనే ఉంది. చివరికి వేములవాడలో, గుడి దారిలో భజన మండళ్లకు మైకులు, యాంప్లిఫయర్లు బాగుచేసే పిలగాడి దగ్గర మాట కుదిరింది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన పిలగాడు. పలకల ఫొటో చూడగానే కండ్లు పెద్దవి చేశాడు.

"అన్నా, వీటికి బేసు ఎందుకు తక్కువో తెలుసా? డబ్బా లేదు గదా. పొర ముందుకు తోసినప్పుడు ముందట గాలి ఒత్తుకుంటది, ఎనుక గాలి పలుచబడుతది. సన్న సౌండైతే సీదా పోతది. బేసేమో పలక అంచుల మీంచి చుట్టూ తిరిగి ఎనుకదాంతోని కలిసి చచ్చిపోతది. దాని తప్పేం లేదు. దానికి తోడు కావాలె, అంతే."

"ఎంత పెద్దది గావాలె?"

"పెద్దదానితోని పనిగాదు, ఆగేది గావాలె. నీ పలక టక్కున ఆగుతది. డీజే డబ్బాలకు రంధ్రం ఉంటది. బేసు ఎక్కువ చూపిస్తది గని దరువు పడ్డంక గూడ గుంయ్ గుంయ్ అంటనే ఉంటది. పలక ఒక దిక్కు, డబ్బా ఒక దిక్కు పోతయ్. నువ్వు రంధ్రం లేని మూతడబ్బా తీస్కో. పదంగుళాలో, పన్నెండో. డప్పు దరువు పెట్టి ఇను. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీ ఇనవడితే అది నీది."

ఎక్కడ కలపాలో కూడా చెప్పాడు. 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి కిందికి దించుకుంటూ పోవాలి. ఆ కింద వచ్చే శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు, కాబట్టి డబ్బా కనపడకుండా మూలన పెట్టినా పాట పలకల్లోంచే వస్తున్నట్టుంటుంది. రెంటి దెబ్బ ఒకేసారి పడకపోతే వెనకాల ఫేజ్ మీటను 0 నుంచి 180కి మార్చి చూడాలి. పలకలను గోడకు అంటించొద్దు, మూడడుగులన్నా ముందుకు జరపాలి.

"ఇంకో మాటన్నా. మంచిగ కలిసిన సబ్‌వూఫర్ ఉన్నట్టు గూడ తెలువద్దు. ఇగో సబ్‌వూఫర్ మోగుతాందని నీకు తెలిసిందనుకో, సౌండు ఎక్కువ పెట్టినట్టే లెక్క. నేనొచ్చి బిగిస్త తియ్."

"ఇరవై ఏండ్లు దుబాయ్ల వైర్లు గుంజిన తమ్మీ. నాకు బిగించుడు నేర్పుతవా?" అని నవ్వాడు పెద్దోడు.

హైదరాబాదు పోయి డప్పు దరువు పెట్టించుకొని విని, పన్నెండంగుళాల మూతడబ్బా తెచ్చాడు. డెబ్బై రెండు వేలు. బాపు అప్పుడు కోరుట్లలో బిడ్డ ఇంటికి పోయి ఉన్నాడు. వచ్చేసరికి సిద్ధం చేయాలని పెద్దోడి ఆరాటం.

ఎక్కడ పెట్టాలన్నదానికీ ఒక పద్ధతి ఉంది. 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. హాలు చూస్తే ఆరు మీటర్లు. అల గోడలకు కొట్టుకొని వెనక్కి వచ్చి తనతో తనే కలిసి ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట చచ్చిపోతుంది. అందుకని డబ్బాను మనిషి కూర్చునే చోట పెట్టి, మనిషి గది అంచుల వెంట నేలకు చెవి దగ్గరగా పాకుతూ పోవాలి. బేసు ఎక్కడ నిండుగా వినిపిస్తే అక్కడికి డబ్బాను మార్చాలి. పెద్దోడు డబ్బాను బాపు మంచం మీదికెక్కించి, సెల్‌ఫోను నేరుగా దానికి తగిలించి, లుంగీ ఎగగట్టి మోకాళ్ల మీద హాలంతా పాకాడు. పాలు పోయడానికి వచ్చిన ముసలామె గడప దగ్గర ఆగి, "ఏం పారేసుకున్నవ్ కొడుకా?" అని తనూ వంగి వెతకబోయింది.

తూర్పు మూల కుదిరింది. డబ్బాను అక్కడికి జరిపి, సెల్‌ఫోను వైరు పీకేసి, యాంప్లిఫయర్ వెనక చెయ్యి దూర్చి తడుముకుంటూ వైరు గుచ్చాడు. డబ్బా వెనకాల చిన్న ఎర్రలైటు వెలిగింది. కరెంటు అందింది. పాట పెట్టి కూర్చున్నాడు. బేసు ఉందా అంటే ఉన్నట్టే ఉంది, లేదా అంటే లేనట్టే ఉంది. ఉన్నట్టు తెలియకూడదన్న మాట గుర్తొచ్చి పెద్దోడి ముఖం వెలిగిపోయింది. డెబ్బై రెండు వేల వస్తువు ఉన్నట్టే తెలియడం లేదు!

వారం దాటాక బాపు కోరుట్ల నుంచి వచ్చాడు. బువ్వ తిని మంచం మీద కూర్చున్నాడు. మంచం గోడకు ఆనుకొని ఉంది, కాళ్లు నేల మీద ఉన్నాయి. పెద్దోడు పాట పెట్టాడు. కొద్దిసేపటికి బాపు ఏమీ అడక్కుండానే కండ్లు మూసుకున్నాడు. కుడికాలి బొటనవేలు టైలు మీద కొట్టడం మొదలైంది. తల మెల్లగా ఊగింది. ఉన్నట్టుండి కుడిచెయ్యి లేచి గాల్లో దేన్నో పట్టి లాగినట్టు కదిలి, మళ్లీ ఒళ్లో పడింది.

"తాళం ఏత్తున్నడు సూడు" అన్నాడు పెద్దోడు భార్యతో. గొంతు పూడుకుపోయింది. బాపు చెవి దగ్గర వంగి అరిచాడు: "ఎట్లున్నది బాపూ?"

"మంచిగ నడుత్తాంది" అన్నాడు బాపు.

ఆ రోజు నుంచి బాపు పొద్దుగూకితే చాలు మంచం వదల్లేదు. కోడలిని కసురుకోవడం తగ్గింది. ఇంటికి వచ్చినవాళ్లందరికీ పెద్దోడు బాపు వేలును చూపించేవాడు. డాక్టరు చేయలేనిది డబ్బా చేసిందనేవాడు.

అంతా బాగుంది, ఒక్కటే లోటు. తను సబ్‌వూఫర్ తెచ్చిన వారంలోనే పక్క షెడ్డు తాళం తీశారు. ఎక్కడిదో చీరల ఆర్డరు వచ్చిందట. ఎనిమిది సాంచెలు. మధ్యాహ్నం నుంచి రాత్రి పొద్దుపోయేదాకా. ఏ చప్పుడు పడక దేశం విడిచిపోయాడో, ఆ చప్పుడు గోడ అవతల కూర్చుంది. ఊద్ తీగ మీద గోరు సవ్వడి కోసం పలకలు కొన్నవాడికి ఇది పానకంలో పుడక. ఆసామి దగ్గరికి పోయి రాత్రిపూట ఆపమన్నాడు. "ఆర్డరు గడువున్నది అన్నా, రాత్రి ఆపితే కూలి ఎక్కడికెళ్లి ఇయ్యాలె?" అన్నాడు ఆసామి. పెద్దోడు గల్లీలో కొత్తగా ఇండ్లు కట్టుకున్నవాళ్లతో కాగితం మీద సంతకాలు పెట్టించాడు. షెడ్డు జాగా ఎవరిదో కనుక్కొని, ఆయనకు నచ్చజెప్పి, కిరాయికి ఇంకో మనిషిని కూడా చూపించాడు. నెల తిరక్కముందే ఆసామి ఖాళీ చేశాడు. నాలుగు సాంచెలను ట్రాక్టరు మీద ఇంకెక్కడికో తరలించాడు. మిగతా నాలుగింటిని పాత ఇనుము కొనేవాడు విప్పుకొని తూకం వేసుకున్నాడు.

ఆ సాంచెలు నడిపిన పడుచు పిలగాడు ఒకనాడు పొద్దున్నే పెద్దోడి గుమ్మం ముందు నిలబడ్డాడు. "అన్నా, పని బందైంది. దుబాయ్ల నీకు తెలిసినోళ్లుంటరు గదా, వీజా ఏమన్న చూడరాదే?" చూస్తానని చెప్పి పంపించాడు పెద్దోడు. బాపు మంచం మీది నుంచి ఆ పిలగాడు పోయినంత దూరం చూశాడు.

ఇప్పుడు హాల్లో నిజమైన నిశ్శబ్దం. పెద్దోడు పాట పెట్టాడు. ఎంత స్పష్టంగా ఉందో! బాపు వైపు చూశాడు. బొటనవేలు కదలడం లేదు. మర్నాడూ కదల్లేదు. మూడోనాడు బాపు అసలు మంచం మీద కూర్చోనే లేదు, బయట అరుగు మీద పడుకున్నాడు. "గొణుగుడేందే" అన్న కసురు మళ్లీ మొదలైంది.

డబ్బా ఖరాబైందని పెద్దోడు వేములవాడకు ఫోను చేశాడు. పిలగాడు బండి మీద వచ్చాడు. డబ్బా వెనక్కి వంగి చూశాడు. యాంప్లిఫయర్ వెనక టార్చి కొట్టి చూశాడు. లేచి నిలబడి మెడ గోక్కున్నాడు.

"అన్నా, ఇది ఖరాబు గాలే. ఈ మూలకు వచ్చినంక ఒక్కనాడు గూడ మోగలే. సౌండు బయటికిచ్చే రంధ్రంల పెట్టాల్సిన వైరు లోపలికి తీసుకునే రంధ్రంల పెట్టినవ్. ఎర్రలైటంటే పండుకున్నట్టు. మోగితే పచ్చలైటు వస్తది."

"ఏందిరా నువ్వనేది? నెల రోజులు బాపు ఇన్నడు. వేలు కొట్టిండు, తాళం వేసిండు. ఊరంత చూసింది!"

పిలగాడు మంచం వైపు చూశాడు. మంచం ఆనుకొని ఉన్న గోడ మీద అరచెయ్యి పెట్టాడు.

"సన్న సౌండును గోడ ఆపుతది గని, బేసును ఆపదన్నా. ఈ గోడ అవుతల ఏముండె?"

పెద్దోడు జవాబు చెప్పలేదు. "ముందు అది సరిజెయ్" అన్నాడు.

పిలగాడు వైరు మార్చాడు. పచ్చలైటు వెలిగింది. పాటలో దరువు పడగానే టైల్సు కింది నుంచి అదురు వచ్చింది. అరుగు మీద పడుకున్న బాపు లేచి కూర్చున్నాడు. గోడ పట్టుకొని లోపలికి వచ్చాడు, మంచం మీద కూర్చున్నాడు, కండ్లు మూసుకున్నాడు. పెద్దోడు ఊపిరి బిగబట్టాడు. బాపు నొసలు ముడిపడింది.

"ఎవడురా వీడు, కొత్తోడా? ఒక దెబ్బ గట్టిగ, ఒక దెబ్బ మెల్లగ. ఊకూకె ఆపుతాండు. గిట్ల నడిపితే గజం బట్ట గూడ దిగది."

పెద్దోడు బాపు చెవిలో అరిచాడు: "సాంచె గాదే బాపూ! సబ్‌వూఫర్! డెబ్బై రెండు వేలు!"

బాపుకు చివరి మాటే అందింది. కండ్లు తెరిచి కొడుకును కిందికీ మీదికీ చూశాడు.

"గీ పని రానోనికి డెబ్బై రెండు వేలు కూలి ఇచ్చుకుంట, ఎనిమిది సాంచెలు నడిపిన పోరన్ని ఎల్లగొట్టినవారా?"